తాగేటోళ్ళ గది

పటాన్‌చెరులో ఆ ఆదివారం పద్మావతి దారి అడిగిన ప్రతి మనిషీ ముందు ఆమెనే ఒక ప్రశ్న అడిగాడు.

"మీ ఆయన మస్తు తాగుతడా, అమ్మా?"

పాన్‌డబ్బా అతను అడిగాడు. మందుల దుకాణం అతను అడిగాడు. చెప్పులు కుట్టే పెద్దాయన అడగను కూడా లేదు, నేరుగా జాలిపడ్డాడు. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఆదివారాలు ఏదో బడిలో కూర్చుని మాట్లాడుకుంటారట, ఆ బడి ఎక్కడ అని ఒక ఆడమనిషి అడిగితే, ఇంట్లో మొగుడు తాగి పడి ఉన్నాడని లోకానికి అర్థం. అంతకు మించి ఆలోచించే ఓపిక లోకానికి లేదు. పద్మావతి మొగుడు సోమయ్య పుట్టి బుద్ధెరిగాక మందు చుక్క ముట్టలేదు. తాగేది పద్మావతి.

ఆ ముక్క పాన్‌డబ్బా దగ్గరే చెప్పేస్తే ఒక గొడవ వదిలేది. ఆమె చెప్పలేదు. తల ఊపి, కొంగు భుజం మీదికి లాక్కుని ఇంకో సందులోకి తిరిగింది.

మీటింగు సంగతి ఆమెకు చెప్పింది ఈఎస్‌ఐ దవాఖానలో డాక్టరమ్మ. ఉన్నట్టుండి మానేస్తే ఒళ్ళు తట్టుకోదని, మెల్లగా మాన్పించడానికి బిళ్ళలు రాసిచ్చి, "ఇవి నీ వణుకు తగ్గిస్తాయి, నీ ఆలోచన తగ్గించవు. నీలాంటివాళ్ళు ప్రతి ఆదివారం పటాన్‌చెరులో కలుస్తారు, ఏదో స్కూల్లో. వెళ్ళి కూర్చో" అంది. ఏ స్కూలో ఆవిడకూ తెలియదు. పటాన్‌చెరులో సందుకొక ప్రైవేటు బడి ఉంది, ఆదివారం అన్నిటికీ తాళాలు వేసి ఉంటాయి. ఎవరూ బోర్డు పెట్టలేదు. పెట్టరు కూడా. తాగుబోతుల మీటింగు ఇక్కడ అని బోర్డు పెడితే దాని కింద నుంచి లోపలికి నడిచే ధైర్యం ఎవరికుంటుంది?

మందుల దుకాణం అతను ఆమెను అంగడి వెనక ఉన్న ఒక నాటువైద్యుడి దగ్గరికి పంపాడు. ఆయన బూడిదరంగు పొడి పొట్లం కట్టి చేతిలో పెట్టాడు.

"కూరల కలిపి పెట్టు. ఆయనకు ఎరుక గాకుంట పెట్టాలె, అదే అసలు. ఎరుకైతే పన్జెయ్యది."

తన కూరలో తనకు తెలియకుండా తానే ఎట్లా కలుపుకోవాలో కూడా చెప్పమని అడుగుదామనిపించింది పద్మావతికి. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. పొట్లం అక్కడే పెట్టేసి బయటపడింది. ఇంకొకాయన మొగుడికి మాల వేయించమన్నాడు. మెడలో మాల ఉన్నన్నాళ్ళు ఏ దావత్‌లోనూ ఎవరూ గ్లాసు చేతికివ్వరని, మగవాడికి అంతకు మించిన కాపలా లేదని చెప్పాడు. ఆడదానికి ఏ కాపలా ఉందో అతను చెప్పలేదు, ఈమె అడగలేదు. ఎండ ముదిరేదాకా తిరిగి, తాళం వేసిన గేట్లన్నీ చూసి, పద్మావతి ఉత్త చేతులతో బొల్లారం ఆటో ఎక్కింది.

ఇంత పట్టుదల ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, కూతురు మొహం తిప్పుకోవడం వల్ల వచ్చింది.

నిషిత ఒక్కతే కూతురు. సంగారెడ్డిలో ఇచ్చారు. ఏడో నెలలో అత్తగారింట్లో సీమంతం పెట్టుకున్నారు. ఆ పొద్దు తాగకూడదనే అనుకుంది పద్మావతి. కొంచెమే తాగింది. తాగేవాళ్ళందరి కొంచెం ఎంత ఉంటుందో ఆమె కొంచెమూ అంతే ఉంది. బిడ్డ చెంపలకు పసుపు రాయడానికి వంగినప్పుడు నిషితకు ఆ వాసన గుప్పున తగిలింది. పిల్ల మొహం పక్కకు తిప్పేసింది. అత్తగారి వైపు ఆడవాళ్ళంతా చూశారు. కొందరు చూడనట్టు చూశారు, అది ఇంకా బాధ.

తరువాత వంటింట్లోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరికి వేసి నిషిత చెప్పింది. అరవలేదు. అరవకపోవడం చూసే పద్మావతికి భయం వేసింది.

"తొల్సూరు కాన్పుకు తల్లిగారింటికి పోవాలంటరు. నేను రాను. ఈడనే కంట. మా అత్త ఏమన్న అనుకోనియ్యి."

"గట్లనకు బిడ్డా. మానుత."

"నేను పలక పట్టినప్పటి సంది ఆ మాటనే చెప్తున్నవ్. పోయి నాయనకు చెప్పుకో, ఆయన నమ్ముతడు."

తొలి కాన్పుకు కూతురు పుట్టింటికి రాకపోతే నలుగురూ ఏమనుకుంటారన్నది ఒక బాధ. అది చిన్న బాధ. పిల్ల నొప్పులు పడుతుంటే పక్కన తాను ఉండదన్నది అసలు బాధ. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పద్మావతి తీర్మానించుకుంది. నిషితను కాన్పుకు ఇంటికి తెచ్చుకోవాలి. అందుకోసం ఎవరి గడప తొక్కాల్సి వచ్చినా తొక్కాలి.

ఆమె తాగుడు వెనక పెద్ద దుఃఖమేదో ఉండి ఉంటుందని వెతికేవాళ్ళకు నిరాశే మిగులుతుంది. ఆమె పుట్టింది గుమ్మడిదల పక్క పల్లెలో. అక్కడ కల్లును ఎవరూ తాగుడు లెక్కలో వెయ్యరు. పెళ్ళికీ, చావుకీ, బోనాలకీ ఆడామగా కలిసి కూర్చుని తాగుతారు. బొల్లారం వచ్చి ఫార్మా కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో చేరాక, పగలంతా నిలబడి కాళ్ళు గుంజితే నిద్ర కోసం కల్లు. కల్లు చాలక క్వార్టరు సీసా. ముందు రాత్రికి మాత్రమే, ఆ తరువాత రాత్రి తాగిన తలనొప్పి పోవడానికి పొద్దున్నే ఇంకొంత. కథ అంతే.

వైన్స్ ముందు ఆడమనిషి నిలబడితే అందరి కళ్ళూ అటే ఉంటాయి. అందుకని ఆమె మొదటి రోజే "మా ఆయనకు" అంది. ఆ మాట అలవాటైపోయింది. ఏళ్ళు గడిచేసరికి వీధి వీధంతా సోమయ్యకు తాగుబోతని పేరు పెట్టేసింది. సోమయ్య కంపెనీ బస్సు డ్రైవరు. డ్యూటీ ఎక్కే ముందు గేటు దగ్గర మిషన్‌లో ఊదిస్తారు, అది రోజూ ఇతను తాగలేదనే చెబుతుంది. వీధిలో మిషన్ లేదు కదా! తన మీద పడ్డ పేరు సోమయ్యకు తెలుసు, ఒక్కనాడూ ఎవరితోనూ కాదనలేదు. "మొగోడు తాగుతడంటే ఎవడు పట్టించుకుంటడు పద్మా. నిన్నంటే నేను తట్టుకోలే" అనేవాడు. ప్రేమే, కాదనలేం. ఆ ప్రేమ నీడలో ఆమె తాగుడు మాత్రం నిశ్చింతగా సాగిపోయింది.

బడి దొరకని ఆ ఆదివారం బొల్లారం స్టాపులో దిగేసరికి వైన్స్ ఎదురుగానే ఉంది. కౌంటర్‌లో మనిషి ఆమెను చూడగానే, అడగకముందే వెనక అరలోకి చెయ్యి చాచాడు. పద్మావతి ఆగింది. ఇంత తిరిగాను కదా, ఈ ఒక్క పూటకు ఏమవుతుంది అని లోపల నుంచి ఎవరో చాలా మర్యాదగా అడిగారు.

"ఇయ్యాల ఒద్దు!" అని రోడ్డు అవతలి నుంచే గట్టిగా అరిచింది. స్టాపులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆమె సొంత ఇంటికి కూడా పోకుండా పక్కింటి అనీస్ బేగం గడపలో వచ్చి కూలబడింది.

అనీస్ బేగం ఇంట్లోనే కుట్టుమిషన్ పెట్టుకుని ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ, ఇద్దరికీ ఒకే నల్లా. ఆమె మిషన్ ఆపి మంచినీళ్ళిచ్చింది.

"ఏమైంది పద్మా? గింత పరేషాన్‌గ ఉన్నవ్?"

"పటాన్‌చెరుల తాగుడు మానేటోళ్ళ మీటింగ్ ఉందట ఆపా. పొద్దటి సంది తిరిగిన, దొరకలే."

అనీస్ బేగం అందరూ అడిగిన ప్రశ్న అడగలేదు.

"నీకే గదా?" అంది మెల్లగా.

పద్మావతి గ్లాసు దించి ఆమె వైపు చూసింది.

"మన నడుమ ఉన్నది ఒక్క గోడ. సోమన్న డ్యూటీల ఉన్నప్పుడు మీ ఇంట్ల సీసా పడ్డ సప్పుడు నాకు ఇనబడదా? ఎవ్వలకు చెప్పలే. మా ఇంటాయనకు గూడ చెప్పలే." అనీస్ బేగం గొంతు ఇంకా తగ్గించింది. "మా ఆయన గట్టిగ నమాజు పట్టబట్టి తాగుడు మానిండని గల్లీల అందరు అనుకుంటరు గద. నమాజు గూడ పట్టిండు, నిజమే. గని మాన్పిచ్చింది ఆ మీటింగు. జబర్దస్తీగ నేనే తోల్కపోయిన."

అనీస్ బేగం మొగుడు ఫజలుద్దీన్ తాగి ఈ వీధిలో దొర్లిన రోజులు ఆమెకు తెలుసు. ఇప్పుడు అతను తెల్లటి లాల్చీ వేసుకుని టైర్ల దుకాణం నడుపుకుంటున్నాడు.

"ఐస్ ఫ్యాక్టరీ పక్క సందుల పచ్చ గేటు బడి. ముంగటి గేటుకు తాళం ఉంటది, చూసి మర్రి రాకు. పక్కకెల్లి మెట్లున్నయి. పైకి పో."

ఆ పచ్చ గేటు పద్మావతి చూసింది. తాళం చూసి అక్కడి నుంచే వెనక్కొచ్చింది. తన మీద తనకు మండుకొచ్చింది.

"నువ్వు గూడ రా ఆపా. నాకు ధైర్నంగ ఉంటది."

"మా అక్కకు పానం బాగలేదు, నేను జహీరాబాద్ పోత. మా ఆయన మాత్రం ఆడ ఉంటడు, ఎన్ని పనులున్నా మీటింగు ఇడువడు. నీ సంగతి ఆయనకు నేను చెప్ప. నువ్వే చెప్పుకోవాలె, ఆడ పోయేది అందుకే. సోమన్నను తోల్కపో. ఒక్కదానివి పోకు."

సోమయ్యకు ఈ ఏర్పాటు అస్సలు నచ్చలేదు. వారమంతా ఏదో ఒక వంక పెట్టాడు. డాక్టరమ్మ బిళ్ళలిచ్చింది గదా, అవి చాలవా అన్నాడు. నలుగురికీ తెలిస్తే నిషిత అత్తగారింటి దాకా పోదా అన్నాడు.

"ఆళ్ళకు ఎప్పుడో ఎరుకైంది. వాసన చూసిండ్రు."

"గని పద్మా, నీ నోటితోని నువ్వే చెప్పుకునుడు..."

"నువ్వు రాకుంటె సగం తొవ్వల మర్రొస్త. నా మీద నాకే నమ్మకం లేదు. నీకుంటె చెప్పు, ఇంట్లనే కూసుందాం."

ఆదివారం పొద్దున సోమయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె కన్నా ముందే గుమ్మంలో నిలబడ్డాడు.

షేర్ ఆటోలో ఒడిశా కుర్రాళ్ళు షిఫ్టు దిగి నిద్రతో ఒకరి మీద ఒకరు వాలిపోతున్నారు. పద్మావతి వాళ్ళ మధ్య ఇరుక్కుని, ఏం చెప్పాలో మనసులో అనుకుంటూ కూర్చుంది. నా పేరు పద్మావతి, నేను తాగుత. ఇంతే కదా, ఎంతసేపు పడుతుంది? అనుకున్న ప్రతిసారీ చెమట పట్టింది. పటాన్‌చెరులో దిగాక దారిలో వచ్చిన వైన్స్‌ను సోమయ్య చూశాడు, ఆమె చూడటం చూశాడు. అడుగు మార్చి ఆమెకూ ఆ దుకాణానికీ మధ్యలోకి వచ్చి నడిచాడు. ఐస్ ఫ్యాక్టరీ, పక్క సందు, పచ్చ గేటు, తాళం. గోడ వారగా నడిస్తే నిజంగానే ఇనుప మెట్లున్నాయి.

మేడ మీద వరండా, దాని వెంట పక్కపక్కనే రెండు తరగతి గదులు. రెంటినీ విడదీసేది ఒక పలచటి చెక్క గోడ. వరండాలో ఫజలుద్దీన్ గ్లాసుల్లో చాయ్ పోస్తున్నాడు. సోమయ్యను చూసి కేటిల్ కింద పెట్టేసి, పరుగున వచ్చి రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు.

"ఆగయా మేరా భాయ్! ఎన్నేండ్ల సంది అనుకుంటున్న, సోమన్నను ఎట్ల తోల్కరావాలె అని. నీ అంతట నువ్వే వచ్చినవ్! షరమ్ పడకు. ఈడ అందరం నీ తీర్గనే."

సోమయ్య నోరు తెరిచాడు. పద్మావతి కూడా తెరిచింది. అప్పటికే ఫజలుద్దీన్ అతని భుజం చుట్టూ చెయ్యి వేసి ఒక గదిలోకి నడిపించేస్తున్నాడు. రెండో గదిలో నుంచి లక్ష్మీనరసమ్మ అనే పెద్దావిడ వచ్చి పద్మావతి చెయ్యి పట్టుకుంది.

"రా బిడ్డా. ఏడుపొస్తె ఏడ్వు, ఏమనుకోం. ఈ గదిల ఉన్నోళ్ళమంత మొగుళ్ళ తాగుడుతోని ఎతలు పడ్డోళ్ళమే."

సోమయ్య గుమ్మంలో ఆగి ఒక్కసారి వెనక్కి చూశాడు. ఆ చూపు పద్మావతికి బాగా తెలుసు. నువ్వు ఊకో, నేను చూసుకుంటా అనే చూపు అది. ఆమె ఊరుకుంది. లక్ష్మీనరసమ్మ వెంట వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

ఇందులో ఫజలుద్దీన్‌ను అనడానికేం లేదు. ఇన్నేళ్ళూ వైన్స్ ముందు ఆమె చెప్పిన మాటే ఆమె కన్నా ముందు మెట్లెక్కి అక్కడ కూర్చుంది.

అది చిన్నపిల్లల తరగతి. గోడల నిండా అక్షరాల బొమ్మలు, కూర్చోవడానికి మోకాళ్ళెత్తు కుర్చీలు. వాటిలో పెద్ద పెద్ద ఆడవాళ్ళు సర్దుకుని కూర్చుని ఒకరి తరువాత ఒకరు చెబుతున్నారు.

"మా ఆయన సీసాలు బియ్యం డబ్బల దాచేటోడు" అంది లక్ష్మీనరసమ్మ. "వండుదామని చెయ్యి పెడితె గింజల కంటె ముందు సీసా తగిలేది." అందరూ నవ్వారు. పద్మావతికి నవ్వు రాలేదు. ఆమె దాచేది కందిపప్పు డబ్బాలో.

"నేను పొద్దున లేవంగనే చూసేది ఆయన మొఖం గాదు, చేతులు" అంది ఇంకొకావిడ. "వణుకుతున్నయా లేవా అని. దాన్ని బట్టి ఆ దినం ఎట్ల గడుస్తదో ఎరుకైతది."

సోమయ్య ప్రతి పొద్దూ చాయ్ గ్లాసు అందిస్తూ తన చేతుల వంక చూస్తాడు. ఇన్నేళ్ళూ అది ప్రేమ అనుకుంది పద్మావతి. భయం కూడా అని ఇప్పుడు ఈ బుల్లి కుర్చీలో తెలిసింది.

మూడో ఆమె చాలా చిన్న వయసుది. "పిల్లలకు అబద్ధాలు చెప్పుడే నాకు నరకం" అని మొదలుపెట్టి ఆపలేక ఏడ్చింది. "మీ నాయనకు జెరమొచ్చింది, లేపకుండ్రి అని చెప్త. నా కొడుకు ఒకనాడు అడిగిండు, నాయనకు దినాం జెరం ఎందుకొస్తదమ్మా అని."

నిషిత చిన్నప్పుడు సోమయ్య కూడా చెప్పేవాడు, అమ్మకు తలనొస్తుంది, సప్పుడు చెయ్యకు అని. పిల్ల కాళ్ళ పట్టీలు చప్పుడవుతాయని తీసి పక్కన పెట్టి నడిచేది. ఇక్కడ చెప్పే ప్రతి కథలోనూ భార్య చోట సోమయ్య ఉన్నాడు, మొగుడి చోట తనుంది. బాధపెట్టిన మనిషి వచ్చి బాధపడ్డవాళ్ళ మధ్య కూర్చుని వాళ్ళ జాలి తీసుకుంటోంది. తన మీద తనకు అసహ్యం వేసింది.

"చెప్పు బిడ్డా" అంది లక్ష్మీనరసమ్మ. "మీ ఆయన ఎన్నేండ్ల సంది తాగుతుండు?"

చెప్పడం ఎంత తేలికో పద్మావతికి ఆ క్షణం తెలిసింది. ఏదో ఒక సంఖ్య చెప్పి కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంటే చాలు. ప్రతి ఆదివారం వచ్చి ఇక్కడ కూర్చోవచ్చు. మీటింగుకు పోతున్నానని నిషితకు ఫోన్ చేసి చెప్పొచ్చు, అది అబద్ధం కూడా కాదు. ఇంటికి వెళ్ళి కందిపప్పు డబ్బా మూత తీయవచ్చు. అన్నీ చక్కగా అమరిపోతాయి. నిషిత మాత్రం సంగారెడ్డిలోనే కంటుంది.

చెక్క గోడ అవతల నుంచి ఒక గొంతు వినిపించింది. ఆమెకు అన్నిటి కన్నా ఎక్కువ తెలిసిన గొంతు.

"నా పేరు సోమయ్య. కంపెనీ బస్సు నడుపుత." బెంచీ ఒకటి కిర్రుమంది. "నేను... నేను తాగుబోతును."

అవతల చప్పట్లు మోగాయి. "షాబాష్ భాయ్!" అని ఫజలుద్దీన్ కేక పెట్టాడు.

పద్మావతికి ఒళ్ళంతా భగ్గుమంది. డ్రైవరు! ఆ గదిలో సగం మంది బొల్లారం కంపెనీలవాళ్ళే అయి ఉంటారు. ఎవరి నోరు జారినా చాలు, గేటు దగ్గర మిషన్ ఏం చెప్పినా ఇతని చేతికి బస్సు తాళం ఎవరూ ఇవ్వరు. ఆ సంగతి ఇతనికి తెలియదా? తెలిసే చెప్పాడు. వీధిలో ఊరుకున్నది చాలలేదు, ఇప్పుడు లేచి నిలబడి తన నోటితోనే ఒప్పుకున్నాడు పిచ్చి మనిషి. ఆ చప్పట్లు తనకు రావలసినవి, తను తెచ్చుకోవలసినవి.

ఆమె లేచింది. కుర్చీ కూడా ఆమెతో పాటు లేచి కింద పడింది.

"యాడికి బిడ్డా?" లక్ష్మీనరసమ్మ చెయ్యి పట్టుకుంది. "అటు పోకు, అది మొగోళ్ళ గది."

"మొగోళ్ళ గది గాదమ్మా, తాగేటోళ్ళ గది. నేను కూసోవాల్సింది ఆడ."

వరండాలోకి వచ్చి పక్క గది గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. బెంచీల మీద మగవాళ్ళు. మధ్యలో సోమయ్య, ఇంకా నిలబడే ఉన్నాడు. ఆమెను చూసి వద్దన్నట్టు తల ఊపాడు.

"నువ్వు కూసో" అంది అతనితో. తక్కినవాళ్ళ వైపు తిరిగింది. ఆటోలో అనుకున్న మాటలన్నీ పోయాయి. "ఈయన తాగడు. ఎన్నడు తాగలే. తాగేది నేను. నా పేరు పద్మావతి. నేను తాగుబోతును."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఫజలుద్దీన్ లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. "గదేంది వదినే? వైన్స్ కాడ సోమన్నకని తీస్కపోతుంటివి గద..."

"అబద్ధం చెప్పిన భాయ్. ఇన్నేండ్ల సంది అబద్ధమే చెప్పిన."

వెనక బెంచీలో కిష్టప్ప అనే బక్కపలచటి మనిషి గొణిగాడు. "ఆడమనిషి ముంగట మనం ఎట్ల మాట్లాడుతం? ఈడ బూతులొస్తయి, ఏడుపొస్తది."

"నాకు గూడ రెండు వస్తయన్నా" అంది పద్మావతి. "ఊకోమంటె ఊకుంట. బయటికి పొమ్మంటె మాత్రం పోను. ఈ గది కోసం నేను పటాన్‌చెరు మొత్తం తిరిగిన. నా బిడ్డ కాన్పుకు ఇంటికి రానన్నది. నాకు ఈడ తప్ప ఇంకో జాగ లేదు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఫజలుద్దీన్ టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "మానాలె అన్న ఆశ ఒక్కటి ఉంటె సాలు, రమ్మని ప్రతిసారి మనమే అంటం. మొగోడై ఉండాలె అని ఎన్నడన్న అన్నమా?" అన్నాడు తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. ఎవరూ అన్నామనలేదు. కిష్టప్ప భుజం మీది తువ్వాలతో బెంచీ ఒక కొస దులిపి, పక్కకు జరిగాడు.

"కూసో అక్కా. గని నేను బూతులైతె మానలేను."

సోమయ్య ఆమె దగ్గరికి వచ్చాడు. "ఎందుకు చెప్పినవ్ పద్మా? నేను చూసుకుందును గద."

"నువ్వు చూసుకోబట్టే ఇంత దాక వచ్చింది. నీ తప్పు గాదు. ఇగ సాలు." ఆమె చెయ్యెత్తి పక్క గది వైపు చూపించింది. "నువ్వు ఆ గదిలకు పో. ఆడ నీ తీర్గటోళ్ళున్నరు. నాకు చెప్పకుంట దాసినయన్ని ఆళ్ళకు చెప్పు."

సోమయ్య ఆడవాళ్ళ గది గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. అంత మంది ఆడవాళ్ళలోకి ఎట్లా వెళ్ళాలో అతనికి తెలియలేదు. "రా కొడుకా" అని లక్ష్మీనరసమ్మే పిలిచింది. కింద పడ్డ బుల్లి కుర్చీని ఎత్తి వేసింది.

ఆ రోజు పద్మావతి ఏం చెప్పిందో నేను రాయను. అక్కడ విన్నది అక్కడే వదిలెయ్యాలన్నది వాళ్ళ నియమం, నాకూ ఆ నియమం మీద గౌరవం ఉంది. ఆమె చెప్పడం పూర్తయ్యాక అందరికన్నా ముందు కిష్టప్ప చప్పట్లు కొట్టాడని మాత్రం చెబుతాను. చెక్క గోడ అవతల సోమయ్య గొంతు మొదట ఆగి ఆగి వినిపించింది, ఆ తరువాత ఏడుపు వినిపించింది. కాపురం చేసినన్ని ఏళ్ళలో అతని ఏడుపు పద్మావతి ఎన్నడూ వినలేదు. వినకుండా అతనే చూసుకున్నాడు కాబోలు. లేచి వెళ్దామనిపించింది. వెళ్ళలేదు. ఏడవనిచ్చింది.

మీటింగు అయ్యాక ఇద్దరూ మెట్ల మీదే ఆగారు. సోమయ్య కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. చూసినవాళ్ళు ఎవరైనా ఇతనే తాగాడనుకుంటారు. పద్మావతి నిషితకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక ఎత్తింది.

"ఏందమ్మా?"

ఆ ఒక్క మాట వెనక ఉన్న జాగ్రత్త పద్మావతికి తెలుసు. తల్లి మాట తడబడుతోందా లేదా అని కూతురు వింటోంది.

"నిషితా, తాగుడు మానేటోళ్ళ మీటింగుకు వచ్చిన. పటాన్‌చెరుల. నేను తాగుబోతునని అందరి ముంగట చెప్పిన."

అవతల కుక్కరు కూత ఒకటి వినిపించింది, ఆగింది.

"నాయనకియ్యి ఫోను."

సోమయ్య ఫోను తీసుకుని గోడ వైపు తిరిగాడు. "అవును బిడ్డా... నిజమే, నా ముంగటనే చెప్పింది... నేను గూడ పోయిన, వేరే గదిల. మన అసోంటోళ్ళు కూసుంటరు... అన్ని చెప్పిన. నీ పట్టీల సంగతి గూడ చెప్పిన... ఆఁ, ఏడ్సిన." అక్కడితో ఇక మాట్లాడలేక ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"అమ్మా."

"ఆఁ, చెప్పు."

"కాన్పు సంగతి నన్ను ఇప్పుడే అడగకు."

"అడగ."

"మల్ల ఆదివారం పోతవా?"

"పోత."

"అయితె నేను గూడ వస్త. నాయన కూసున్న గదిల నేను గూడ కూసుంట. నాకు గూడ చెప్పేటియి ఉన్నయి."

"నా మీదనా?"

"నీ మీదనే."

ఇనుప కమ్మీ పట్టుకుని ఆమె ఒక మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆ చెక్క గోడ ఎంత పలచటిదో ఆమెకు తెలుసు. కూతురు చెప్పే ప్రతి మాటా ఇవతల కూర్చుని వినాలి, లేచి పోకుండా వినాలి, విని ఇంటికెళ్ళి ఆ రాత్రి తాగకుండా ఉండాలి.

"రా" అంది. "వచ్చి చెప్పు, వింట. గని ఇనుప మెట్లున్నయి బిడ్డా, నిటారుగున్నయి. కడుపుతోని ఎట్లెక్కుతవు?"

"మెల్లగ ఎక్కుత" అంది నిషిత. "నువ్వు పక్కన ఉండు."